పరదేశపు పట్టణమున ఒంటరివానికి స్నేహితులు దొరకు విధము

మన పాఠశాల సంవత్సర సంచికకు ఏదైన వ్రాసి పంపుమని నా పూర్వపు ఉపాధ్యాయులవారు ఉత్తరము వ్రాసినప్పుడు, జర్మనీ దేశమున నేను చూచిన కోటలను గూర్చియు వస్తుప్రదర్శనశాలలను గూర్చియు వ్రాయుదునా యని మొదట తలచితిని. అట్టి వర్ణనలు పుస్తకములలో కావలసినన్ని కలవు. ఈ పాఠశాల బల్లలపై కూర్చున్నవారిలో ఏటేట కొందఱు పై చదువులకై దూరదేశములకు బయలుదేరుచున్నారు. వారిని విమానమెక్కించి వచ్చిన తలిదండ్రులు "బస దొరకెనా? తిండి కుదిరెనా? చలికోటు కొంటివా?" యని అడుగుదురే కాని, "మాటాడుటకు మనుష్యుడు దొరకెనా?" యని అడుగువారు అరుదు. నన్నును ఎవరు నడుగలేదు. కావున ఆ సంగతినే వ్రాయుచున్నాను.

నేను చేరిన పట్టణము లైప్‌జిగ్. అది జర్మనీ తూర్పుభాగమున సాక్సనీ రాష్ట్రములోనిది. ఆరు లక్షలకు మించిన జనము. అందలి విశ్వవిద్యాలయము 1409లో స్థాపింపబడినది. సంగీతవిద్వాంసుడైన బాఖ్ 1723 మొదలు 1750లో మరణించువఱకు ఆ ఊరనే యుండెను. 1915లో పూర్తియైన అచ్చటి రైలుస్టేషను ఐరోపాఖండములోని మిక్కిలి పెద్దవానిలో నొకటి. అంత పెద్ద స్టేషనులో అక్టోబరు నెల సాయంకాలమున రెండు పెట్టెలతో దిగి, ఏ ద్వారమున వెలుపలికి పోవలెనో తెలియక నిలిచియుంటిని. అంతకు మునుపు ముఖపరిచయమైనను లేని తెలుగు విద్యార్థి యొకడు వచ్చి, నా పెట్టె నొకదానిని తాను పట్టుకొని, ట్రాముబండిలో తన గదికి తీసికొనిపోయి, పప్పును అన్నమును పెట్టెను. ఆ రాత్రి ఋణము తీరునది కాదు. మనవారి గుంపులోనే మునిగి యుండరాదని ముందు చెప్పబోవుచున్నాను. అయినను మనవారే లేకున్న మొదటి వారము గడచుట దుర్లభమని దానికి ముందే చెప్పుట ధర్మము.

అతని గదిలో చోటు లేనందున ఊరికి పడమట నాలుగంతస్తుల పాత యింటిలో నాకొక చిన్న గది కుదిరెను. ఆ దేశమున ఇల్లు మారిన ప్రతివాడును రెండు వారములలోపల నగరపు కార్యాలయమునకు పోయి తన చిరునామాను వ్రాయించుకొనవలెను. ఆ పని చేసితిని. బ్యాంకిలో లెక్క తెరచితిని. విద్యార్థి గుర్తుచీటి వచ్చినది. కాగితములన్నిటి ప్రకారము నేను లైప్‌జిగ్ నివాసినైతిని. కాని నవంబరు గడచి డిసెంబరు వచ్చునప్పటికి, అంగడిలో వెల యిచ్చునప్పుడు పలుకు రెండు మాటలు తప్ప, కొన్ని దినములలో నా నోట మాట వెలువడుటయే లేదు. డిసెంబరు నెలలో అచ్చట పగలు ఎనిమిది గంటలే. సాయంకాలము నాలుగు కొట్టకముందే ప్రొద్దు క్రుంకును. ఆదివారమున అంగళ్లు దాదాపు అన్నియు మూసియుండును. వీథులు నిశ్శబ్దము. మన యూళ్లలో ఏకాంతము కోరి చెఱువుగట్టునకు పోవుదుము. అచ్చట మనుష్యుని కోరి ఎచ్చటికి పోవలెనో నాకు తెలియలేదు.

అప్పుడు నాకు టెలిఫోనే శరణ్యమైనది. శీతకాలమున మన దేశపు గడియారము జర్మనీ గడియారమునకు నాలుగున్నర గంటలు ముందు నడచును. వేసవిలో మూడున్నర గంటలు. నేను తరగతులు ముగించుకొని సాయంకాలము నాలుగున్నరకు గది చేరునప్పటికి ఇంటివద్ద రాత్రి తొమ్మిది. అమ్మ ముఖమును అద్దములో చూచినట్లు చూచుచు, ఆమె నిద్రపోవువఱకు మాటాడెడివాడను. పిదప తమ్మునితో, ఆ పిదప హైదరాబాదులోని స్నేహితులతో. ఎనిమిది గంటలకు టెలిఫోను దించునప్పటికి తృప్తిగా నుండెను. ఆ నాలుగున్నరకు ఎనిమిదికి నడుమ గంటలలోనే ఆ పట్టణములోని ఆటస్థలములు, పాటసంఘములు, సాయంకాలపు పాఠశాలలు తెరచి యుండునని నాకు చాల కాలమునకు గాని తట్టలేదు. నా శరీరము లైప్‌జిగ్‌లో ఉండెను. నా సాయంకాలములన్నియు మన యూరనే గడచుచుండెను.

ఫిబ్రవరి నెలలో ఒకనాటి తెల్లవాఱుజామున మా నాయనమ్మ పోయినదని వార్త వచ్చినది. నన్ను పెంచినది ఆమెయే. వెంటనే బయలుదేరినను అంత్యక్రియలకు అందుకొనజాలను. విమానమునకు ధనమును లేదు. గదిలో ఉండలేక వెలుపలికి వచ్చి మెట్లపై కూర్చుంటిని. ఆ యింటిలో పది కుటుంబములవారు కలరు. నాలుగు నెలలుగా వారితో కలిసి ఒకే మెట్లు ఎక్కి దిగుచుంటిని. వారిలో ఎవరి తలుపును తట్టి "మా నాయనమ్మ చనిపోయినది" అని చెప్పుటకు నాకు చనవు లేదు. తలుపు తట్టుట యటుండ, వారి పేర్లే తెలియవు. క్రింది యంతస్తులోని వృద్ధురాలు ఒకతె చేసంచితో పైకి వచ్చుచు నన్ను చూచి, ఒక క్షణము నిలిచి, ఉదయవందనము పలికి పోయినది. నేనును బదులు పలికితిని. అంతే. ఎంత కఠినహృదయులు ఈ దేశస్థులు అని ఆనాడు తలచితిని. ఆమె ఏల నిలిచెనో, ఏల పోయెనో తరువాత తెలిసినది. దానిని ఆ చోటనే చెప్పెదను.

స్నేహము గుణములను బట్టి కలుగునని మన మందఱము తలతుము. అది సగము నిజము. మొదటి సగము చోటును బట్టి కలుగును. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతికవిద్యాలయపు విద్యార్థికుటుంబములు నివసించు ఇండ్లలో ఫెస్టింగరు, షాక్టరు, బ్యాక్ అను ముగ్గురు పండితులు విచారణ జరిపి 1950లో ఒక గ్రంథము ప్రకటించిరి. ప్రక్క తలుపువారిని తమ ఆప్తమిత్రులుగా పేర్కొన్నవారు నూటికి 41. అదే వసారాలో ఆ చివరనున్నవారిని పేర్కొన్నవారు నూటికి 10 మాత్రమే. దూరము ఎంత? కొన్ని అడుగులు. మెట్ల యొద్దను, ఉత్తరముల పెట్టెల యొద్దను కాపురమున్నవారికి స్నేహితులు హెచ్చుగా నుండిరి. ఏలయన పోవువారు వచ్చువారు వారి ముంగిటనే ఎదురుపడుచుందురు. మాటిమాటికి ప్రయత్నము లేకుండ ఎదురుపడుటయే స్నేహమునకు విత్తనము. మన యూరిలో నూతివద్దను, పాఠశాల అరుగుపైనను, రైతుబజారులోను ఆ విత్తనములు వాటంతట అవే పడుచుండును గనుక వాటిని మనము గమనింపము. ఒంటరిగా పరదేశము పోయినవానికి ఆ నూయియు లేదు, అరుగును లేదు. దానిని వెదకికొనవలెను.

నాకు ఆ నూయి ఒక పార్సెలు రూపమున వచ్చినది. జర్మనీలో ఒకే యింటిలోని వేర్వేరు కాపురముల తలుపులకు సాధారణముగా సంఖ్యలుండవు. వీథిద్వారము ప్రక్కన గంటమీటలును, వానికెదురుగా కాపురమున్నవారి పేళ్లును ఉండును. ఉత్తరముల పెట్టెపైనను పేరే. పేరు లేనివానికి ఉత్తరము చేరదు. నేను వచ్చిన క్రొత్తలో నా పొడుగైన తెలుగు పేరును కాగితముముక్కపై చిన్న అక్షరములతో వ్రాసి అంటించితిని. ఇంటిలో మనుష్యుడు లేనప్పుడు టపాలవాడు పార్సెలును ప్రక్కవారి కిచ్చి, ఎవరి కిచ్చినదియు చీటి వ్రాసి పెట్టెలో వేసిపోవును. మార్చినెలలో మా అమ్మ పంపిన పార్సెలు అట్లు క్రింది యంతస్తు వృద్ధురాలికి చేరినది. ఆ చీటి పట్టుకొని, చెప్పవలసిన వాక్యమును జర్మను భాషలో నాలుగుమార్లు వల్లించుకొని, తలుపు తట్టితిని.

ఇచ్చట ఒక సంగతి. ఆ దేశమున ఇంగ్లీషుతో పని జరుగునని మనవారు చెప్పుదురు. విశ్వవిద్యాలయమున జరుగును. కాని 1949 మొదలు 1990 వఱకు లైప్‌జిగ్ తూర్పుజర్మనీ ప్రభుత్వము క్రింద ఉండినది. ఆ కాలమున పాఠశాలలలో పిల్లలు తప్పక నేర్చిన పరభాష రష్యను. అందుచేత ఆ యూరి పెద్దవాండ్రలో అనేకులకు ఇంగ్లీషు రాదు. నాకు రష్యను రాదు. నా జర్మనో, పుస్తకములోని జర్మను. వారి పలుకుబడి సాక్సనీ పలుకుబడి. "అవును" అనుటకు పుస్తకములో "యా" యని యుండగా వారు "ను" అందురు. ఆ "ను"ను విని "కాదు" అనుచున్నారనుకొని నేను ఎన్నిమార్లు వెనుదిరిగితినో!

ఆమె పెట్టెను తెచ్చి చేతికిచ్చి, ముక్కు ఎగబీల్చి, "ఇందులో ఏమున్నది?" అని అడిగెను. ఉన్నది కందిపొడియు ఇంగువయు. ఇంగువకు జర్మనులో మాట నాకు తెలియక జేబులోని నిఘంటువును తెరచి చూపితిని. అచ్చటనున్న మాటకు అర్థము "సైతాను పెంట" అని! నిజముగా ఆ భాషలో ఇంగువకు పేరదియే. ఆమె దానిని చదివి గోడ పట్టుకొని నవ్వెను. నాలుగు నెలలలో ఒక జర్మను మనుష్యుని నేను నవ్వించుట అదియే మొదటిసారి. ఆ నవ్వు చల్లారకముందే ఆమె, "ఏప్రిలులో నా తోటలో మన్ను త్రవ్వవలెను. మీకు పార పట్టుట తెలియునా?" యని అడిగెను. మా తాత రైతు అని చెప్పితిని. అది అబద్ధము కాదు. కాని ప్రశ్నకు ఉత్తరమును కాదు.

ఆ తోటలను గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. ఏలయన అవి పాఠశాల ఉపాధ్యాయులు పుట్టించినవి. లైప్‌జిగ్‌లో హౌషిల్డ్ అను ప్రధానోపాధ్యాయుడు 1864లో పిల్లల తలిదండ్రులతో కలిసి ఒక సంఘము నేర్పఱచి, 1861లో మరణించిన ష్రేబర్ అను వైద్యుని పేరు దానికి పెట్టెను. పట్టణపు ఇరుకు ఇండ్లలో పెరుగు పిల్లలకు ఆటస్థలము కావలెనని వారి కోరిక. 1865లో ఆటస్థలము ఏర్పడెను. గెసెల్ అను ఉపాధ్యాయుడు దాని అంచున పిల్లలకై చిన్న మడులు వేయించెను. పిల్లలు కొన్ని దినములు నీళ్లుపోసి విసిగి ఆటకు పోయిరి. కలుపు పెరిగినది. చూచి ఓర్వలేక తలిదండ్రులే పార పట్టిరి. పిల్లల మడులు పోయి కుటుంబముల తోటలైనవి, కంచెలు వచ్చినవి, గుడిసెలు వచ్చినవి. ఆ విధముగా పుట్టినవే దేశమంతట వ్యాపించిన "ష్రేబరు తోటలు". లైప్‌జిగ్‌లో నేటికిని రెండు వందలకు పైగా తోటసంఘములు కలవు. ఆ చిన్న తోటల చరిత్రకై అచ్చట ఒక ప్రదర్శనశాల కూడ నున్నది. పిల్లలు మొక్కలకు నీళ్లు పోయకపోవుట వలన కూడ దేశమునకు మేలు కలుగవచ్చునని మన తోటపని ఉపాధ్యాయులవారు ఒప్పుకొందురో లేదో!

1983లో చేసిన చట్టము ప్రకారము ఒక్కొక్క తోట 400 చదరపు మీటర్లకు మించరాదు. అందలి గుడిసె 24 చదరపు మీటర్లకు మించరాదు, దానిలో కాపురముండరాదు. నేలలో సుమారు మూడవవంతున కూరలు, పండ్లు పండింపవలెనని న్యాయస్థానము తీర్పు. ఇవి గాక ప్రతి సంఘమునకు స్వంత నియమములు: కంచె యెత్తు ఇంత, మధ్యాహ్నము చప్పుడు చేయని గంటలు ఇవి యని. మనకు చాదస్తముగా తోచును. నాకును మొదట అట్లే తోచినది. కాని సంఘములో చేరిన ప్రతివాడును ఏటా కొన్ని గంటలు అందఱి కొఱకు పని చేయవలెనను నియమమొకటి ఉన్నది. మా వృద్ధురాలి వంతు నేను చేసితిని. మూడు శనివారములు ఏడెనిమిది మందితో కలిసి పొడుగాటి కంచెకు రంగు పూసితిమి. ముఖాముఖిగా కూర్చుండి సంభాషించుట భాష రానివానికి నరకము. కంచెకు రంగు పూయువాడు మాటాడనక్కఱలేదు; "కుంచె ఇమ్ము", "ఇచ్చట పడలేదు", "వాన వచ్చునట్లున్నది" అన్న చాలును. మూడవ శనివారమునకు వారిలో ఒక ట్రాము చోదకుడు నన్ను తన కుమారుని గణితము చూడుమని అడిగెను. ఎవరు నెవరితోను స్నేహము చేయుదమని అనుకొనలేదు. రంగు పూయుచుంటిమి.

చేతిలో పని యుండుట ఎంత మేలో, కాలము గడచుటయు అంత యవసరము. అమెరికాలోని కాన్సాసు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జెఫ్రీ హాల్, క్రొత్త ఊళ్లకు మారిన పెద్దలను, కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థులను విచారించి 2018లో ఒక లెక్క ప్రకటించెను. పరిచయము పైపై స్నేహమగుటకు సుమారు 50 గంటలు, అది నిజమైన స్నేహమగుటకు 90 గంటలు, ఆప్తస్నేహమునకు 200 గంటలకు పైగా కలిసి గడపవలెనట. మనస్సును గడియారముతో కొలువవచ్చునా యను సందేహము నాకును కలదు. అయినను ఈ లెక్క నిరాశ పడినవానికి ఔషధము. వారమునకొక గంట ఎవరితోనో కాఫీ త్రాగినచో 200 గంటలకు నాలుగేండ్లు పట్టును. ప్రతి శనివారము ఆరు గంటలు తోటలో పని చేసినచో ముప్పదినాలుగు వారములు: ఏప్రిలులో మొదలిడిన, నవంబరు నాటికి పూర్తి. మూడు నెలలలో స్నేహితుడు దొరకలేదని ఏడ్చువాడు ఎన్ని గంటలు గడపితినని తన్ను తాను అడుగుకొనవలెను. నేను అడుగుకొంటిని. డిసెంబరు నెల మొత్తమునకు నా లెక్క రెండు గంటలు కాలేదు.

ఇక నా పొరపాటులు. ఒక ఆదివారము ఆమె నన్ను తోటకు కాఫీకి పిలిచి, "హాల్బ్ ఫీర్"కు రమ్మనెను. "హాల్బ్" అనగా అర, "ఫీర్" అనగా నాలుగు. ఇంగ్లీషు చదువు వలన నాలుగున్నర అని గ్రహించి, మర్యాదగా అయిదు నిమిషములు ముందే పోయితిని. బల్లపై గుడ్డ, రెండు కప్పులు, పళ్లెము బోర్లించిన రొట్టె. ఆమె ముఖము గంభీరముగా నుండెను. వారి లెక్కలో "అర నాలుగు" అనగా నాలుగవ గంటలో సగము, అనగా మూడున్నర. ఆ దేశమున నాలుగు గంటలకనిన నాలుగు గంటలకే. నేను దాదాపు గంటసేపు ఒక ముదుసలిని కాఫీ చల్లార్చుకొని కూర్చుండబెట్టితిని. సంగతి విడమరచి చెప్పిన పిదప ఆమె మరల కాఫీ కాచెను. కాని అటుపిమ్మట నాతో గంట చెప్పునపుడెల్ల వ్రేళ్లు లెక్కించి చూపెడిది. ఇంకొకమాఱు, ఆమె జన్మదినమునకు రెండు దినముల ముందే శుభాకాంక్షలు చెప్పితిని. అది అచ్చట అశుభము. జన్మదినమునాడు కూడ ఇతరులు తెచ్చి పెట్టుట కాదు, జన్మదినము గలవాడే రొట్టె చేసి తెచ్చి అందఱికి పెట్టవలెను. మన వాడుకకు దగ్గఱగా నున్న ఆ సంగతిని నేను సులభముగా నేర్చుకొంటిని.

మే నెలలో ఆమె తోటలో రూబార్బు అను దుబ్బు ఏపుగా పెరిగినది. దాని ఆకులు విషము. ఎఱ్ఱని కాడలు మాత్రమే తినదగినవి. వారు వానిని చక్కెరతో ఉడికించుదురు. జూను 24వ తేది దాటిన పిదప దుబ్బు బలహీనపడకుండుటకై కాడలు కోయరాదని వారి ఆచారము. ఒక ముక్క కొరికి చూచితిని. గోంగూర పులుపు! కన్నుల నీళ్లు తిరిగినవి. పులుపు చేత మాత్రమే కాదు. నాలుగు కాడలు తీసికొనిపోయి, కందిపప్పుతో ఉడికించి, ఎండుమిరప, వెల్లుల్లి, ఆ "సైతాను పెంట"తో పోపు పెట్టి ఒక గిన్నె ఆమెకిచ్చితిని. ఆమె దగ్గి, నీళ్లు త్రాగి, మరల తినెను. ఆ సాయంకాలమే నాయనమ్మ సంగతి చెప్పితిని. గోంగూర పప్పు ఆమె చేతిది గనుక చెప్పక తప్పలేదు.

ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, "ఫిబ్రవరిలో మెట్లపై కూర్చున్నది అందుకేనా?" అనెను. ఆమెకు జ్ఞాపకమున్నది. "అడుగవలెననుకొంటిని. పరిచయము లేనివాని దుఃఖములో తల దూర్చుట మర్యాద కాదని పోయితిని. ఆ రాత్రి నిద్రపట్టలేదు" అని చెప్పెను. మనలో దుఃఖించువానిని పలుకరింపకుండుట కఠినత్వము. వారిలో పలుకరించుట చొరవ. ఆమె నన్ను గౌరవించుచుండగా నేను తిరస్కారమనుకొంటిని. నేనైనను నోరు తెరచి చెప్పియుండవచ్చును.

జర్మను భాషలో మన "మీరు", "నువ్వు" వంటి రెండు మాటలు కలవు. "మీరు" నుండి "నువ్వు"నకు వచ్చుట అచ్చట చిన్న సంగతి కాదు. పెద్దవారే ముందుగా పిలుపునీయవలెను. జూలైలో ఆమె ఆపిలురసపు గ్లాసు నెత్తి తన స్వంత పేరు చెప్పి, "ఇక నువ్వు అను" అనెను. డెబ్బది దాటిన స్త్రీని "నువ్వు" అనుటకు నా నాలుక తిరుగలేదు. మీ దేశమున నాబోటి దానిని ఏమందురని అడిగెను. "మామ్మగారు" అని చెప్పితిని. "మామా?" యని నవ్వి, అదియే బాగున్నదనెను. నాటి నుండి ఆ తోటలో ఆమె అందఱికి మామ్మగారే. ట్రాము చోదకుని కుమారుడు కూడ అట్లే పిలిచెడివాడు.

అందఱికి తోటలు దొరకవు. జర్మనీలో సంఘములకు కొదువ లేదు: ఏడుగురు చేరినచో సంఘమును చట్టప్రకారము నమోదు చేయించుకొనవచ్చును, పాటకు, చదరంగమునకు, నడకకు, కుక్కలను పెంచుటకు కూడ సంఘములే. విశ్వవిద్యాలయపు వ్యాయామశాఖవారు విద్యార్థులకు స్వల్పరుసుముతో ఆటలు నేర్పుదురు. ఒకరి భాష నొకరు నేర్పుకొను జంటలు కలవు. ఏది యెన్నుకొన్నను ప్రతివారము అదే చోట, అదే మనుష్యులు కలియునదై యుండవలెను. ఒకనాటి విందులకు పోయి నూఱు చేతులు కలుపుట వలన నాకు ఒరిగినది లేదు.

అదే పట్టణమునకు 1765లో పదునాఱేండ్ల బాలుడొకడు న్యాయశాస్త్రము చదువుటకై ఫ్రాంక్‌ఫర్టు నుండి వచ్చెను. ఇంటివద్ద కుట్టించిన అతని దుస్తులు పాతమోస్తరువని లైప్‌జిగ్‌వారు నవ్విరి. వాటి నన్నిటిని మార్చివేసెను. అతని పలుకుబడిని కూడ తప్పుపట్టిరి. పలుకును బట్టలవలె మార్చుకొనలేడు గదా! అతడే తరువాత జగత్ప్రసిద్ధుడైన గయటె. ఆ కాలమున అతనికి దొరకిన ఆప్తమిత్రుడు బేరిష్ అనువాడు, అతనికన్న పదునొకండేండ్లు పెద్ద. పూటకూటి బల్లయొద్ద కలిసినవాడు. ఈ కథ చదివినప్పుడు నాకు గయటె జ్ఞాపకము రాలేదు. నేను ఎనిమిదవ తరగతిలో నుండగా శ్రీకాకుళపు ఉత్తరపు పల్లెలనుండి మా వసతిగృహమునకు వచ్చిన బాలుడు జ్ఞాపకము వచ్చినాడు. అతని యాసను అనుకరించి భోజనశాలలో అందఱిని నవ్వించినవాడను నేనే. అతడు ఆ యేడు సంక్రాంతికి ఇంటికి పోయి మరల రాలేదు. కారణము నేనే యని చెప్పజాలను. కాదనియు చెప్పజాలను.

తలిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ ప్రతిరాత్రి రెండు గంటలు మీతో మాటాడుచున్నాడని సంతోషింపకుడు. వారమునకు రెండుమూడు దినములు నియమించి, తక్కిన సాయంకాలములు వానికి వదలుడు. "ఈ దినము ఏమి తింటివి?" అను ప్రశ్నతోపాటు "ఎవరితో తింటివి?" అనియు అడుగుడు. మా అమ్మకు ఈ మాట చెప్పినప్పుడు ఆమె మొదట కోపించెను. పిదప ఒక శనివారము తానే, "మామ్మగారి తోటకు ప్రొద్దుపోలేదా?" యని నన్ను తరిమెను.

రెండవ శీతకాలమున మామ్మగారు తుంటియెముక విఱిగి ఆసుపత్రిలో పడిరి. ఆరు వారములు నేనును ట్రాము చోదకుని కుటుంబమును వంతులు వేసికొని చూచి వచ్చితిమి. కుమార్తె దూరపు హాంబుర్గులో నుండుటచే, దగ్గఱివారెవరని ఆసుపత్రివారు అడిగినప్పుడు ఆమె నా పేరు వ్రాయించెను. ఆ పొడుగాటి పేరును ఒక్క అక్షరము తప్పకుండ చెప్పగలిగెనట. ఉత్తరముల పెట్టెపై చూచి నేర్చుకొంటినని నాతో చెప్పెను.

చదువు ముగిసి బయలుదేరు దినమున, వీథిద్వారపు గంటమీట ప్రక్క నున్న నా కాగితపు చీటిని గోటితో గీకి తీసివేసితిని. దాని క్రింద అంతకుముందున్నవాని పేరు, దాని క్రింద ఇంకొకనిది, వెలిసిన సిరాతో కనబడినవి. మామ్మగారు చేతికఱ్ఱపై ఆనుకొని చూచుచుండి, ఆ రెండవ పేరు చదివి, "ఇతడెవడో నాకు తెలియదు. మూడేండ్లున్నాడు" అనెను.